మా నాయన కోటు

మా ఇంట్లో మా నాయన పాత ఫోటో ఒక్కటే ఉంది. 1986 వేసవిలో, పెళ్లయిన వారానికి, చీరాలలో ఒక స్టూడియోలో దిగింది. కారంచేడు జరిగి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఫోటోలో మా అమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది. పక్కన మా నాయన నల్లకోటు వేసుకుని, మెడకు టై కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటాడు.

ఆ కోటు మా నాయనది కాదు, స్టూడియోది. గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూ ఉండేదంట. పొడుగోడికీ అదే, పొట్టోడికీ అదే. మా నాయనవి బారెడు చేతులు. కోటు చేతులు మణికట్టు దాకా కూడా రాలేదు. పొగాకు బ్యారన్‌లో మోసీ మోసీ, పెళ్లిళ్లకూ చావులకూ డప్పు తగిలించుకునీ ఒక పక్కకు ఒరిగిపోయిన భుజం మీద ఆ కోటు ముడతలు పడి పట్టేసి ఉంటుంది.

నాకు టీచరుద్యోగం వచ్చి టౌన్లో అద్దె ఇంట్లో దిగాక ఆ ఫోటోను గోడకు తగిలించలేదు. ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను. తోటి టీచర్లు ఇంటికొస్తారు, చూస్తారు, లోపల లోపల నవ్వుకుంటారు అనుకున్నాను. మా పల్లెలో డిగ్రీ ముఖం చూసిన మొదటివాణ్ణి నేను. పది పుస్తకాలు చదివినవాణ్ణి. అంబేద్కర్ జయంతికి మైకు పట్టుకునేవాణ్ణి. అయినా మా నాయన ఫోటోకి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు నాకు ఎవరు నేర్పారో తేల్చుకోడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక సాహిత్య సభకు వెళ్లాను. సభ ఎవరిదో, మాట్లాడింది ఎవరో చెప్పను. పేరు చెబితే గొడవ ఆయన ఒక్కడిదే అయిపోతుంది. అట్లాంటివాళ్లు జిల్లాకు పదిమంది ఉన్నారు. ఆ రోజు అంశం జాన్ బెర్జర్. చిత్రకళా విమర్శకుడు, ప్రయోగ నవలాకారుడు, సినిమా రచయిత. ఆయన గురించి తెలుగులో ఒక మనిషి గంటసేపు మాట్లాడతాడంటే సెలవు పెట్టి మరీ వెళ్లాను. ఎందుకంటే బెర్జర్ నాకు పాత చుట్టం. బీఎడ్ చదివే రోజుల్లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆయన 'వేస్ ఆఫ్ సీయింగ్' దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను.

వక్త బాగా మాట్లాడాడు. కాదనను. నవలలో కాలాన్ని ఎట్లా ముక్కలు చేశాడో, కథ మధ్యలో రచయిత తనే వచ్చి ఎట్లా మాట్లాడతాడో చెప్పాడు. శిల్పం అన్నాడు, రూపం అన్నాడు. ఆ తర్వాత తెర మీద ఒక ఫోటో వేశాడు. జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆగస్ట్ జాండర్ 1914లో తీసింది. ముగ్గురు పల్లెటూరి కుర్రాళ్లు సూట్లు వేసుకుని, టోపీలు పెట్టుకుని, చేతికర్రలు పట్టుకుని డాన్సుకు పోతూ దారిలో నిలబడి ఉంటారు. ఈ ఫోటో మీద బెర్జర్ 1979లో ఒక వ్యాసం రాశాడు. సూటు కుర్చీలో కూర్చుని పెత్తనం చేసేవాళ్ల బట్ట, కష్టం చేసే ఒంటిని అది వంకరగా చూపిస్తుంది అన్నాడు. వక్త అదంతా చెప్పి, నవ్వి, "మన ఊళ్లలో సెంటర్ సెంటర్‌కీ సూటేసుకుని వేలు చూపించే విగ్రహాలున్నాయి గదా, వాటి గురించి బెర్జర్ ఏమనేవాడో!" అన్నాడు.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మీరు నన్ను తిట్టండి. తిట్టాల్సిందే. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ నా నవ్వు నాకు వినపడలేదు. నేను నవ్వింది బాబాసాహెబ్‌ను చూసి. నేను నవ్వింది మా నాయనను చూసి. పదిమంది చదువుకున్నవాళ్ల మధ్య కూర్చుంటే పదకొండోవాడు కూడా వాళ్ల కళ్లతోనే చూస్తాడు. ఆ రాత్రి ఇంటికి పోయి ట్రంకుపెట్టె తెరిచాను. ఆ తర్వాత బెర్జర్‌ను మొదటినుంచీ మళ్లీ చదివాను. అప్పుడు తెలిసింది, ఆ గంట ఉపన్యాసంలో సగం బెర్జరే లేడని.

ఆ సగం ఇప్పుడు చెబుతాను.

బెర్జర్ 1926లో లండన్‌లో పుట్టాడు. బొమ్మలేసేవాడిగా మొదలయ్యాడు, డ్రాయింగ్ పాఠాలు చెప్పాడు. 1950లలో 'న్యూ స్టేట్స్‌మన్' పత్రికలో కళా విమర్శ రాశాడు. నేను మార్క్సిస్టునని దాచకుండా చెప్పి మరీ రాశాడు. 1958లో మొదటి నవల 'ఎ పెయింటర్ ఆఫ్ అవర్ టైమ్' వచ్చింది. హంగరీ నుంచి వలసొచ్చిన ఒక చిత్రకారుడి కథ. అచ్చయిన కొద్ది వారాలకే ప్రచురణకర్తలు దాన్ని వెనక్కి తీసుకున్నారు. కమ్యూనిస్టు వ్యతిరేకుల ఒత్తిడికి తలొగ్గారు. ప్రయోగ రచయిత జీవితం అట్లా మొదలైంది. మన వక్తలు చెప్పే ప్రయోగం కాగితం మీద మాత్రమే జరుగుతుంది.

1972లో బీబీసీలో 'వేస్ ఆఫ్ సీయింగ్' వచ్చింది. దర్శకుడు మైక్ డిబ్. నాలుగు భాగాలు, ఒక్కోటి అరగంట. మొదట్లోనే బెర్జర్ కత్తి తీసుకుని బొటిచెల్లి చిత్రం నకలులోంచి ఒక ముఖాన్ని కోసేస్తాడు. గుడిలో విగ్రహం ముట్టుకున్నట్టే. ఇన్నాళ్లూ దణ్ణం పెట్టి చూస్తున్నారు గదా, ఇప్పుడు మామూలుగా చూడండి అని చెప్పడం అది. గెయిన్స్‌బరో గీసిన ఆండ్రూస్ దంపతుల చిత్రం చూపిస్తాడు. చెట్టు కింద భార్యాభర్తలు, వెనక పంట పొలం. పండితులు ప్రకృతి అంటారు, సౌందర్యం అంటారు. బెర్జర్ మాత్రం వీళ్లు ఆసాములు, ఆ పొలం వాళ్లది, వాళ్ల నిలబడ్డ తీరులోనే ఆ సంగతి ఉందిగదా అన్నాడు. ఆ మాట చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా ఊరి గట్టు మీద నిలబడి పొలం వైపు చూసే ఆసామిని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. ఆ నిలబడే తీరు నాకు తెలుసు. దాని గురించి చిత్రకళ పుస్తకంలో రాయొచ్చని తెలియదు.

అదే ఏడాది ఆయన నవల 'జి.'కి బుకర్ ప్రైజు వచ్చింది. మన వక్త దీని రూపం మీద ఇరవై నిమిషాలు మాట్లాడి, "బుకర్ కూడా వచ్చింది" అని ఒక ముక్కలో తేల్చేశాడు. అసలు కథ అక్కడే ఉంది.

బుకర్ మెకానెల్ అనేది కంపెనీ. ఆ ప్రైజుకు డబ్బులిచ్చింది ఆ కంపెనీయే. దాని సంపద ఎక్కడిది? చక్కెరది. గయానాలో చెరుకు తోటలది. బ్రిటిష్ గయానాలో చెరుకు తోటల్లో ఎక్కువ భాగం బుకర్ చేతిలోనే ఉండేవి. 1976లో అక్కడి ప్రభుత్వం జాతీయం చేసేదాకా అంతే. బెర్జర్ 1972 నవంబరులో ప్రైజు తీసుకునే వేదిక మీదే నిలబడి, పెద్దమనుషులందరూ భోజనాల దగ్గర ఉండగా, ఈ డబ్బు కరీబియన్ దీవుల్లో నూటముప్పై ఏళ్ల వ్యాపారం నుంచి వచ్చిందని, అక్కడి పేదరికానికి ఆ వ్యాపారమే కారణమని చెప్పాడు. అయిదు వేల పౌన్లలో సగం లండన్‌లోని బ్లాక్ పాంథర్లకు ఇస్తానన్నాడు. మిగతా సగం వలస కూలీల మీద పుస్తకం రాయడానికి వాడుకుంటానన్నాడు.

గయానా ఎక్కడ, మనం ఎక్కడ అంటారేమో. చెబుతాను. బానిసత్వం రద్దయ్యాక ఆ తోటల్లో చాకిరీకి 1838 నుంచి 1917 దాకా మన దేశం నుంచి దాదాపు 2 లక్షల 40 వేల మందిని ఒప్పంద కూలీలుగా ఓడలెక్కించారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి పోయారు. మద్రాసు రేవు నుంచి పోయిన ఓడలూ ఉన్నాయి. వాటిలో తమిళులు, తెలుగువాళ్లు. గయానాలో వాళ్ల పిల్లల పిల్లల్ని ఇప్పటికీ మద్రాసీలనే అంటారు. కరువుల్లో ఓడలెక్కిన తెలుగువాడు ఎవడై ఉంటాడు? భూమి ఉన్నవాడా? సముద్రం దాటితే కులం పోతుందని భయపడ్డవాడా? పోవడానికి కులం తప్ప ఇంకేం లేనివాడు ఎక్కాడు. ఆ చెరుకు రసంలో మా చెమటా ఉంది. ఆ బుకర్ డబ్బులో మా వాటా ఉంది. ఒక తెల్ల రచయిత సభలో లేచి ఆ లెక్క చెప్పాడు. మన తెలుగు వక్త ఆ రచయిత మీద గంటసేపు మాట్లాడి ఆ లెక్క ఎత్తలేదు.

ఇంకో సంగతి. అదే 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, రాజా ఢాలే, జె.వి. పవార్ వంటి కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టారు. పేరు అమెరికా బ్లాక్ పాంథర్ల నుంచి తెచ్చుకున్నారు. లండన్ పాంథర్లూ అక్కడినుంచే పేరు తెచ్చుకున్నారు. వాళ్లలో కరీబియన్ నల్లవాళ్లే కాదు, మన దేశం నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒకడైన ఫరూఖ్ ధోండీ నాలాగా బడిపంతులు. ఒకే పేరు మీద అక్కడా ఇక్కడా మనుషులు లేచారు. బెర్జర్ ఆ లేచినవాళ్ల వైపు సగం డబ్బు పంపాడు. ఇది రూపం గురించిన చర్చ కాదా? నా దృష్టిలో ఆయన చేసిన అన్నిటికంటే పెద్ద ప్రయోగం అదే.

మన దగ్గర ఎవరెవరి పేరు మీద అవార్డులున్నాయో ఒకసారి లెక్కేయండి. ఆ పేర్ల వెనక ఎన్ని ఎకరాలున్నాయో, ఆ ఎకరాల్లో ఎవరు కూలికి పోయారో లెక్కేయండి. శాలువా కప్పించుకునేటప్పుడు ఆ లెక్క చెప్పినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బెర్జర్‌ను ఉపన్యాసాల్లో వాడుకోవడం తేలిక. శాలువా దగ్గర బెర్జర్ కావడం కష్టం.

మిగతా సగం డబ్బుతో ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఫోటోగ్రాఫర్ జాన్ మోర్‌తో కలిసి 1975లో 'ఎ సెవెంత్ మ్యాన్' తెచ్చాడు. అప్పట్లో జర్మనీలో, బ్రిటన్‌లో చేతిపని చేసేవాళ్లలో ఏడుగురికి ఒకరు వలస కూలీ. పేరుకు అర్థం అది. అందులో ఒక సంగతి నేను మరిచిపోలేను. పోర్చుగల్ నుంచి దొంగదారిన ఫ్రాన్సుకు పోయే కూలీలు బయల్దేరే ముందు ఫోటో దిగి దాన్ని రెండుగా చించేవాళ్లు. ఒక ముక్క దారి చూపేవాడికి, ఒక ముక్క తన దగ్గర. క్షేమంగా చేరాక తన ముక్క ఇంటికి పంపుతాడు. దారి చూపినవాడు తన ముక్క పట్టుకుని డబ్బుల కోసం ఆ ఇంటికొస్తాడు. రెండు ముక్కలూ అతికితేనే డబ్బు. అదే పుస్తకంలో ఇస్తాంబుల్‌లో వైద్య పరీక్షకు బట్టలు విప్పి వరసలో నిలబడ్డ తుర్కీ కూలీల ఫోటోలున్నాయి. సంతలో ఎడ్ల పళ్లు చూసినట్టే. గల్ఫ్‌కు పోయిన మా బాబాయి ఈ పుస్తకం చదవలేదు. చదవాల్సిన పనిలేదు. ఆయన ఆ వరసలో నిలబడ్డాడు.

ఆ తర్వాత బెర్జర్ ఫ్రాన్స్ కొండల్లో క్విన్సీ అనే చిన్న పల్లెకు పోయి అక్కడే ఉండిపోయాడు. పక్కింటివాళ్లతో కలిసి గడ్డి కోశాడు, కొట్టం ఊడ్చాడు. ఆ పల్లె మనుషుల మీద మూడు పుస్తకాలు రాశాడు, 1979 నుంచి 1990 దాకా. 2017 జనవరిలో తొంభై ఏళ్ల వయసులో చనిపోయాడు. సిటీలో ఫ్లాటులో కూర్చుని మట్టి వాసన రాసే మన రచయితలకు ఇది చిన్న సంగతిగా కనపడొచ్చు. పేడ ఎత్తేవాళ్లకు చిన్న సంగతి కాదు.

సినిమా సంగతీ చెప్పాలి. స్విట్జర్లాండ్ దర్శకుడు అలాన్ టానర్‌తో కలిసి ఆయన సినిమాలు రాశాడు. 1976లో వచ్చిన 'జోనా' అనే సినిమాలో ఒక చరిత్ర టీచర్ ఉంటాడు. మొదటి రోజే క్లాసుకు పొడుగాటి రక్తపు సాసేజ్, నరికే కత్తి తెస్తాడు. ముక్కలు కోస్తూ, కాలం గురించి, చరిత్ర గురించి పాఠం చెబుతాడు. ఆయన కసాయి కొడుకు. తండ్రి పనిముట్టుతో చరిత్ర చెప్పాడు. ఆ సినిమాలో ఆ టీచరు ఉద్యోగం పోతుంది.

నేనూ సోషల్ టీచర్నే. ఆ సన్నివేశం చూసి నాకు నవ్వూ వచ్చింది, గుండెలో కలుక్కుమనీ అంది. మా తాత చెప్పులు కుట్టాడు. ఆయన రంపె నేను క్లాసుకు పట్టుకుపోయి, తోలు ఎట్లా ఊనుతారో చెప్పి, ఇది సైన్సు, ఇది చరిత్ర అని చెప్పగలనా? చెబితే స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. నా క్యారేజీలో ఏముందో చూడకుండానే కూర ముట్టుకోనివాళ్లు ఉన్నారు. అడిగితే "శనివారం కదండీ" అంటారు. వాళ్లకు వారంలో ఏడు రోజులూ శనివారమే.

అయినా ఒక ప్రయత్నం చేశాను. మా బడి ప్రహరీ గోడ మీద 'మా ఊరు' అని ఒక పెద్ద బొమ్మ వేయించారు. గుడి ఉంది. రచ్చబండ ఉంది. పెంకుటిళ్లు, చెరువు, ఎడ్లబండి, నీళ్లబిందెతో ఒక అమ్మాయి. ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకుపోయి బెర్జర్ అడిగిన ప్రశ్నలే అడిగాను. ఈ బొమ్మ వేసినాయన ఎక్కడ నిలబడి చూసి ఉంటాడు? ఎవరున్నారు, ఎవరు లేరు? పొలం ఉంది గదా, నాటేసేవాళ్లు ఏరి?

కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత మా పల్లె పిల్ల ఒకతి "సార్, మా ఇల్లు గోడ అవతల ఉంటది సార్" అంది. అక్కడ నిజంగానే గోడ అయిపోతుంది. గోడ అవతల రోడ్డు, రోడ్డు అవతల మా పల్లె. ఆ పిల్ల వెక్కిరించలేదు. దిక్కు చూసి ఉన్నమాట చెప్పింది. గంటసేపు ఉపన్యాసం చెప్పిన పండితుడికి చేతకాని కళా విమర్శ ఆ పిల్ల ఒక్క మాటలో చేసింది. మర్నాడు పిల్లలు సుద్దముక్కలతో గోడ చివర కింద చిన్న చిన్న ఇళ్లు గీశారు. వానొచ్చేదాకా ఉన్నాయి.

ఇంతవరకూ బెర్జర్ నావాడు. ఇప్పుడు ఆయనతో తగాదా పెట్టుకుంటున్నాను. నావాడు గనుకే పెట్టుకుంటున్నాను.

సూటు వ్యాసంలో ఆయన న్యాయంగానే మొదలుపెట్టాడు. ఆ ముగ్గురు కుర్రాళ్లను చూసి నవ్వలేదు. ఈ మాట మన వక్త మింగేశాడు. నవ్వడం అటుంచి, ఆ కుర్రాళ్లు సూట్లను ఎంత దర్జాగా వేసుకున్నారో చెప్పాడు. ఎవరూ వాళ్లను బలవంతపెట్టలేదని, వాళ్లే గర్వంగా వేసుకున్నారని, గర్వంగా వేసుకున్నారు గనుకే ఇది పాలకవర్గం ఆధిపత్యానికి మంచి ఉదాహరణ అని వాదించాడు. పాలకుల కొలతలను మన కొలతలుగా ఒప్పుకుంటే ఆ కొలతల్లో మనం ఎప్పుడూ వంకరగానే కనపడతాం అని ఆయన బాధ. జర్మనీ రైతుకు ఇది నిజమే కావచ్చు.

కానీ బెర్జర్, మీరు చూడనిది ఒకటుంది. ఆ జర్మన్ కుర్రాళ్లను సూటు వేసుకోమని ఎవరూ బలవంతపెట్టలేదన్నారు. సరే. మమ్మల్ని వేసుకోవద్దని బలవంతపెట్టారు. మీ రైతుకు సూటుకంటే ముందు తన బట్ట ఒకటుంది. తన పండగ బట్ట, తన పనిబట్ట. మాకు ముందున్న బట్ట మా బట్ట కాదు. పంచె ఎక్కడిదాకా ఉండాలో, తువ్వాలు భుజం మీద ఉండాలో నడుముకు ఉండాలో, ఊరి వీధిలో చెప్పులు కాళ్లకుండాలో చేతిలో ఉండాలో ఊరు చెప్పింది. మా ఒంటి మీద గుడ్డ కూడా ఊరు పెట్టిన గుర్తే. ఆ గుర్తును 'సహజం' అని, కోటును 'కృత్రిమం' అని అంటున్నారు.

1927లో మహద్‌లో అంబేద్కర్ మా ఆడవాళ్లకు ఏం చెప్పాడు? చీర పైవాళ్లు కట్టుకున్నట్టు కాళ్ల దాకా కట్టుకోండి, అంటరానివాళ్లని గుర్తుపట్టించే ఆ నగలు తీసెయ్యండి అన్నాడు. అదే మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. బట్ట సంగతి, మనుస్మృతి సంగతి ఒకే చోట తేల్చారు. అంతకు ఆరేళ్ల ముందు 1921లో మదురైలో గాంధీ తన బట్టలు విప్పి కొల్లాయి కట్టాడు. ఉన్నవాడు విప్పితే త్యాగం. లేనివాడు తొడుక్కుంటే అనుకరణ. ఇది ఎక్కడి సౌందర్యశాస్త్రం?

బెర్జర్ వ్యాసాన్ని తెలుగులో చెప్పేటప్పుడు మనవాళ్లు 'రైతు' అంటారు. తెలుగులో రైతు అంటే పట్టాదారు. మా నాయన రైతు కాదు, రైతు దగ్గర కూలి. మాట దగ్గరే మేం తప్పిపోతాం. ఆ తర్వాత మా గురించి ఆ మాటతోనే సిద్ధాంతం చెబుతారు.

1991లో చుండూరులో గొడవ ఎక్కడ రాజుకుంది? సినిమా హాల్లో. చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో కూర్చున్న పెద్దకులం వాడికి తగిలిందని. కుర్చీలో కాలు చాపుకుని తెర వైపు చూడ్డమే నేరం. ఆ ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. 'చూసే పద్ధతులు' అని మీరు పుస్తకాల్లో చదువుకుంటారు. చూసినందుకు చచ్చినవాళ్లం మేం. మనిషి ఎట్లా కూర్చోవాలో, ఎట్లా నిలబడాలో, ఏం తొడుక్కోవాలో ఇక్కడ కులం చెబుతుంది. బెర్జర్‌కు వర్గం కనిపించింది, రంగు కనిపించింది, ఆడవాళ్లను మగవాళ్లు చూసే చూపు కనిపించింది. కులం కనిపించలేదు. ఆయన ఊళ్లో లేదు గనుక క్షమిద్దాం. మన ఊళ్లో పుట్టి, కులం కనిపించనట్టు నటించేవాణ్ణి ఎందుకు క్షమించాలి?

మనం ఎక్కడ నిలబడ్డామో అక్కడినుంచే మనకు కనిపిస్తుందని నేర్పింది బెర్జరే. నేను మా పల్లెలో నిలబడి ఆయన వ్యాసాన్ని చూస్తున్నాను. ఆయన పాఠంతోనే ఆయన్ని దిద్దుతున్నాను. శిష్యుడు చేయాల్సిన పని అదే. గురువు మాటను కర్రగా చేసుకుని సాటివాళ్ల విగ్రహాల మీద విసరడం శిష్యరికం కాదు. అర్ధరాత్రి ఆ విగ్రహాలకు చెప్పులదండ వేసేవాడికీ, పట్టపగలు సభలో వాటి సూటును చూసి నవ్వించేవాడికీ తేడా ఉంది. మొదటివాడి మీద కేసు పెట్టొచ్చు.

ఆ సభ అయిన వారానికి పల్లెకు పోయాను. ఫోటో పట్టుకుపోయాను. మా నాయనకు ఇప్పుడు అరవై దాటాయి. వాకిట్లో మంచం మీద కూర్చుని ఫోటో దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"యాడ దొరికిందిరా ఇది?" అన్నాడు.

పెట్టెలో ఉందన్నాను. ఎందుకు పెట్టెలో పెట్టానో చెప్పలేకపోయాను. ఆయనా అడగలేదు.

"నాయనా, ఆ కోటు నీకు పట్టలేదు గదా. ఎందుకేసుకున్నావ్?" అన్నాను.

"ఆ ఫోటో ఆయన జేబులో చెయ్యి పెట్టుకోమన్నాడు. పెడదామంటే జేబు కుట్టేసుండాది" అని నవ్వాడు. కాసేపాగి, "ఊళ్లో ఏసుకుంటే ఇప్పించేవోళ్లు. ఫోటోలో ఎవడిప్పిస్తాడు?" అన్నాడు.

మా అమ్మ లోపల్నుంచి "ఆ కోటుకి రూపాయి ఎక్కువ తీసుకున్నాడు" అంది.

బెర్జర్ బతికుంటే ఈ మాట ఆయనకు చెప్పాలని ఉండేది. ఊళ్లో ఇప్పిస్తారు, ఫోటోలో ఎవడిప్పిస్తాడు! అణిగినవాడి మాట కాదిది. ఏం నిషేధించారో, దాన్ని ఎక్కడ దక్కించుకోవాలో తెలిసినవాడి మాట. జేబు కుట్టేసిన కోటని ఆయనకు తెలుసు. చేతులు చాలవని తెలుసు. తన కోటు కాదని తెలుసు. తెలిసే వేసుకున్నాడు. ఒక రూపాయి ఎక్కువిచ్చి వేసుకున్నాడు. వంకర ఆ ఒంట్లో లేదు. ఆ ఒంటికి కొలత తీసి ఒక్క కోటు కూడా కుట్టని ఊళ్లో ఉంది.

2023లో హైదరాబాద్‌లో, 2024లో విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలు నిలబెట్టారు. ప్రభుత్వాలు ఎందుకు నిలబెట్టాయో మాకు తెలుసు. ఓట్ల లెక్కలు మాకూ వచ్చు. విగ్రహం పెట్టి భూమి ఇవ్వకపోతే అడుగుతాం. అది వేరే తగాదా. కానీ ఆ సూటు మీద నవ్వొద్దు. ఆ సూటులో మా నాయనకు పొట్టయిన చేతులున్నాయి.

విద్యార్థి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. బెర్జర్‌ను చదవండి. తప్పకుండా చదవండి. శిల్పం కోసం చదివేవాళ్లకు వదిలేయకండి. బుకర్ వేదిక మీద ఆయన చెప్పిన లెక్క చదవండి, చిరిగిన ఫోటో ముక్కల కథ చదవండి. చదివి, ఆయన దగ్గర ఆగిపోకండి. మీ ఇంట్లో ట్రంకుపెట్టెల అడుగున ఏ ఫోటోలున్నాయో బయటికి తీయండి. వాటిని చూసి మీకు సిగ్గేస్తే, అది ఎవరి సిగ్గో విచారించండి. అవి ఎక్కడ దిగారో, ఎంతిచ్చారో, ఆ బట్టలెవరివో మీ అమ్మానాయనల్ని అడిగి రాసిపెట్టండి. మన కళా విమర్శ అక్కడ మొదలవుతుంది. ఏ విశ్వవిద్యాలయమూ అది మన కోసం రాయదు.

నేను ఆ ఫోటో పెద్దది చేయించాను. ఇప్పుడది టౌన్లో మా అద్దె ఇంట్లో, తలుపు తీయగానే ఎదురుగా ఉంది. మొన్న తోటి టీచరొకాయన వచ్చి చూసి, "మీ ఫాదరా? కోటేంటండీ అట్లా ఉంది?" అన్నాడు.

"కూర్చోండి, చెబుతాను" అన్నాను. గంట పట్టింది. ఆయన టీ చల్లారిపోయింది.